డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

వైద్యశాస్త్రమున విశ్వవిఖ్యాతి గాంచిన ఆంధ్రులలో యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వీరు 1895 సం. జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి మూడవసారి ఉత్తీర్ణులైరి. మార్కులనుబట్టి బాలుర బుద్ధిని తూచు మావంటి ఉపాధ్యాయు లీ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలసియున్నది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పొందిరి. సోదరుని గ్రహణీరోగము బలిగొనుట వారి హృదయమును కలచివైచెను.

పిదప మామగారి ధనసహాయముతో బోస్టను నగరము చేరి, ఆసుపత్రిలో సేవకవృత్తి చేయుచు హార్వర్డులో చదివిరి. అచట ఫిస్కే పండితునితోగూడి 1925లో వెలువరించిన భాస్వరమాపనపద్ధతి మిక్కిలి సూక్ష్మమైనది. రక్తాదులనుండి మాంసకృత్తులను ఆమ్లముతో విఱిచి వడియగట్టి, ఆ తేటలో మాలిబ్డేటును, పిదప మఱియొక ద్రవ్యమును కలిపినచో నీలవర్ణము పుట్టును. భాస్వర మధికమైనకొలది నీలము గాఢమగును. దానిని పరిమాణ మెఱిగిన ద్రావణపు రంగుతో పోల్చి లెక్కగట్టుదురు. నేడు రక్తరసమునందలి రోగనిరోధక మాంసకృత్తులను కొలుచు ఎలిసా పరీక్షయొక్క మూలసూత్రము వేఱైనను, తుదకు అచటను రంగునే చూతురు.

కండరముల సారమును పరీక్షించునపుడు ఒక చిక్కు వచ్చెను. రంగు వెంటనే నిండుగా రాక, మెల్లమెల్లగా పెరుగుచుండెను. సామాన్యులైనచో కొలతలో పొరపాటని త్రోసిపుచ్చి యుందురు. వీరట్లు చేయక ఆ జాగునకు కారణము వెదకిరి. ఆమ్లమున సులభముగా విడిపోవు ఫాస్ఫోక్రియాటిను అందులో నుండెనని 1927లో తేలినది. ఇంగ్లండున ఎగ్గిల్టను దంపతులును అదే కాలమున స్వతంత్రముగా దీనిని కనుగొనిరి. 1929లో ప్రాణులకు శక్తినొసగు ఏ.టి.పి.ని గూర్చియు ఫిస్కే, సుబ్బారావుగార్లు ప్రకటించిరి. మా యభిప్రాయమున వీరి ప్రతిభకు ఆ నీలపురంగు జాగే నిజమైన ఒరగల్లు.

1940లో లెడర్లే పరిశోధనాలయమునకు మరలిరి. అచట వీరి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది గ్రహణీరోగులకు మేలు చేకూర్చెను. సోదరుని మరణమును తలచిన మాకు ఈ ఘట్టము వ్రాయుచుండ కలము కొంత తడవు ఆగినది. మన తీరజిల్లాలవా రెఱిగిన బోదకాలు వ్యాధికి హెట్రజాను మందును వీరి బృందము సమకూర్చినదే. మా మధురవాడ వంటి తావులవారికిని అది అక్కఱకు వచ్చినది.

1948 సం. ఆగష్టు నెలలో తమ 53 ఏండ్ల ప్రాయమున వీరు న్యూయార్కున కీర్తిశేషులైరి. ఓడ యెక్కినది మొదలు స్వదేశమునకు మరల రానేలేదు.