ఆఖరి ఘడియలోనూ కలం అడిగిన ఇమామ్

అరవై దాటగానే మన ఇళ్ళలో పెద్దలు ఇక మా పని అయిపోయిందని అంటూ ఉంటారు. బాధ్యతలు తగ్గి సమయం మిగులుతుంది. కాని ఆ సమయం ఎటు కరిగిపోతుందో మనకే తెలియదు. పదకొండు వందల ఏళ్ళ క్రితం బాగ్దాదులో జీవించిన ఒక మహనీయుడు తన వృద్ధాప్యాన్ని ఎలా సద్వినియోగం చేసుకున్నారో తెలుసుకుందాం. ఆయనే ప్రఖ్యాత ఖుర్ఆన్ వ్యాఖ్యాత, చరిత్రకారులు ఇమామ్ ముహమ్మద్ బిన్ జరీర్ తబరీ (రహ్మ).

ఆయన హిజ్రీ 224 (క్రీ.శ. 839) ప్రాంతంలో కాస్పియన్ సముద్ర తీరాన ఉన్న తబరిస్తాన్‌లోని ఆముల్ పట్టణంలో జన్మించారు. ఏడేళ్ళకే దివ్యఖుర్ఆన్ కంఠస్థం చేశారు. విద్య కోసం చిన్నతనంలోనే ఇల్లు విడిచి రయ్, బస్రా, కూఫా, సిరియా, ఈజిప్టులలోని పండితుల వద్దకు వెళ్ళారు. ఒకసారి తండ్రి పంపే పైకం ఆలస్యమైతే చొక్కా చేతులు కత్తిరించి అమ్ముకున్నారట. చివరికి బాగ్దాదులో స్థిరపడ్డారు. తండ్రి పొలం నుంచి వచ్చే కొద్దిపాటి రాబడితోనే సరిపెట్టుకున్నారు. ఖాజీ పదవి ఇస్తామన్నా స్వీకరించలేదు.

ఆయన దినచర్యను శిష్యులు భద్రంగా చెప్పి ఉంచారు. మధ్యాహ్న భోజనం తర్వాత కాసేపు కునుకు. జుహర్ నమాజు చేసుకుని అస్ర్ వరకు రచన. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు ఖుర్ఆన్ పాఠం. మగ్రిబ్, ఇషాల నడుమ ధర్మశాస్త్ర బోధన. ఆ తర్వాతే ఇంటికి. నలభై ఏళ్ళపాటు రోజుకు 40 పుటల చొప్పున రాశారని చరిత్రకారులు పేర్కొన్నారు. ఆ సంఖ్య వింటే మనకు గుండె జారిపోతుంది. కాని మనం గమనించవలసింది పుటల లెక్కను కాదు. ఆయన తన కలాన్ని నమాజు వేళలతో ముడివేశారు. నమాజు తప్పదు కనుక రచనా తప్పలేదు.

తఫ్సీర్ రాయదలచినప్పుడు అది 30 వేల పుటలు అవుతుందని శిష్యులతో అన్నారు. అది పూర్తయ్యేలోగా ఆయుష్షులే తీరిపోతాయని వారు వెనకాడారు. దాంతో దాన్ని సుమారు 3 వేల పుటలకు కుదించారు. హిజ్రీ 283 నుంచి 290 వరకు, అంటే అరవై ఏళ్ళ వయసులో, దాన్ని శిష్యులకు చెప్పి రాయించారు. ఆయన చరిత్ర గ్రంథం హిజ్రీ 302 నాటి సంఘటనల దాకా సాగింది. అప్పటికి ఆయన వయసు 78. ఆ మలి వయసులోనే కొందరు ఆయన్ని తీవ్రంగా వ్యతిరేకించారు, ఇంటి మీద రాళ్ళు రువ్వారు. అయినా ఆయన కలం ఆగలేదు.

హిజ్రీ 310 (క్రీ.శ. 923)లో ఆయన మరణశయ్యపై ఉన్నారు. చూడవచ్చిన వారిలో ఒకరు ఒక దుఆను వినిపించారు. వెంటనే ఆయన సిరాబుడ్డి, కాగితం తెప్పించుకుని దాన్ని రాసుకున్నారు. ఈ స్థితిలో కూడానా అని అక్కడివారు ఆశ్చర్యపోయారు. చనిపోయేదాకా మనిషి విద్యార్జన మానకూడదని ఆయన బదులిచ్చారు. ఆ తర్వాత కొద్దిసేపటికే కన్నుమూశారు.

హదీసులపై ఆయన మొదలుపెట్టిన తహ్జీబుల్ ఆసార్ అసంపూర్తిగానే మిగిలింది. ఆయన రచనలు అనేకం కాలగర్భంలో కలిసిపోయాయి. తఫ్సీర్, చరిత్ర మాత్రం నేటికీ పండితులకు ఆధారంగా ఉన్నాయి. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో రాసేటప్పుడు ఆయనకు తెలియదు. రాయడం ఒక్కటే ఆయన చేతిలో ఉంది, ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.

మనమంతా ఇమాములం కాలేము. కాని జుహర్, అస్ర్‌ల నడుమ రోజుకు ఒక్క పేజీ రాయలేమా? అమ్మమ్మ చెప్పిన ప్రవక్తల గాథలు, హజ్ యాత్రలో మనసు కరిగిన క్షణాలు, కష్టకాలంలో ఇంటిని నిలబెట్టిన పెద్దల సంగతులు... ఇవన్నీ మనతోపాటే మట్టిలో కలిసిపోతే మన పిల్లలకు ఎవరు చెబుతారు? చేతులు వణికితే మనుమరాలికి చెప్పి రాయించవచ్చు. ఇమామ్ గారు కూడా తన తఫ్సీర్‌ను అలా చెప్పి రాయించినవారే కదా!

మిగిలిన ఆయుష్షును మేలైన పనిలో గడిపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.