తాగుబోతులకు తోడు చూపిన సిస్టర్ ఇగ్నేషియా

తాగుడుకు బానిసైన మనిషిని చూసి ఊరు చీదరించుకుంటుంది. ఇంట్లోవారు కన్నీరు పెట్టుకుంటారు. ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రివారు సెలైను ఎక్కించి పంపేస్తారు. కాని అతడు ఇల్లు చేరిన నాటి సాయంత్రం, పాత స్నేహితులు వీధి చివర నిలబడి పిలిచే వేళ, అతని పక్కన ఉండేదెవరు? ఈ ప్రశ్నకు జవాబుగా తన జీవితాన్నే ధారపోసిన మఠకన్య సిస్టర్ ఇగ్నేషియా.

ఆమె 1889లో ఐర్లండు దేశంలోని మేయో ప్రాంతంలో రైతు కుటుంబంలో జన్మించారు. అసలు పేరు బ్రిడ్జెట్ డెల్లా మేరీ గావిన్. చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికాకు వలసవెళ్ళి, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో పెరిగారు. సంగీతం నేర్చుకుని పిల్లలకు నేర్పేవారు. 1914లో సెయింట్ అగస్టీన్ ఛారిటీ సిస్టర్ల సభలో చేరారు. మఠంలోనూ సంగీతమే ఆమె పని. అయితే పనిభారం మోయలేక ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. సంగీతం మానుకోమన్నారు వైద్యులు. అలా 1928లో ఏక్రన్ పట్టణంలో కొత్తగా తెరచిన సెయింట్ థామస్ ఆసుపత్రికి వచ్చి, రోగులను చేర్చుకునే పని చేపట్టారు. తాను విరిగి, మళ్ళీ లేచిన మనిషి కనుకనే, విరిగిపోయి వచ్చినవారి బాధ ఆమెకు తెలిసింది.

ఆ ఏక్రన్‌లోనే 1935లో ఒక సంఘటన జరిగింది. తాగుడు మానిన కొద్ది నెలలకే పనిమీద ఆ ఊరు వచ్చిన బిల్ విల్సన్, పని చెడి, మళ్ళీ తాగుతానేమోనని భయపడ్డాడు. తనలాంటి మరొకరితో మాట్లాడితేనే నిలబడగలనని గ్రహించి, అందుకోసం వాకబు చేశాడు. అలా దొరికినవాడే డాక్టర్ రాబర్ట్ స్మిత్. ఆయన కూడా తాగుడుకు బానిసే. ఆ ఏడాది జూన్ 10న డాక్టర్ స్మిత్ తాగిన గుక్కే ఆయన జీవితంలో ఆఖరిది. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన రోజుగా గుర్తుండిపోయింది.

అప్పట్లో తాగుబోతులకు పడక ఇవ్వడానికి ఆసుపత్రులు ఇష్టపడేవి కావు. 1939 ఆగస్టులో డాక్టర్ స్మిత్ అడిగినప్పుడు సిస్టర్ ఇగ్నేషియా కాదనలేదు. కడుపులో మంట అనే పేరు రాసి రోగిని చేర్చుకున్నారు. అతడి వద్దకు వచ్చేవారితో ఏకాంతంగా మాట్లాడే వీలుండాలని, పూలు సర్దుకునే చిన్న గదిలో మంచం వేయించారు. తరువాత వారికోసం ఒక వార్డే ఏర్పడింది.

ఆ వార్డు పద్ధతి గమనించదగ్గది. రోగి ఒంటరిగా వచ్చి చేరడానికి వీల్లేదు. అప్పటికే తాగుడు మానిన సభ్యుడొకరు బాధ్యత తీసుకుని తీసుకురావాలి. ఉండేది సుమారు 5 రోజులే. ఆ రోజుల్లో బంధుమిత్రులకు ప్రవేశం లేదు. వచ్చి కూర్చుని తమ కథ చెప్పేవారంతా ఒకప్పటి తాగుబోతులే. కాఫీ మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. రోగి ఏ మతస్థుడన్నది సిస్టర్ చూడలేదు. డాక్టర్ స్మిత్ కూడా కతోలికుడు కాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరికీ చిన్న తిరుహృదయ పతకం ఇచ్చేవారు. మళ్ళీ తాగాలనిపిస్తే, ముందు వచ్చి ఆ పతకం తిరిగి తన చేతికిచ్చి వెళ్ళమని షరతు పెట్టేవారు. ఆ రోజు నుంచి అతడు తన ఊరి బృందం సమావేశాలకు వెళ్ళాలి. ఆసుపత్రి చేసేది శరీరాన్ని శుభ్రపరచడమే, నిలబెట్టేది ఆ బృందమే అని ఆమెకు బాగా తెలుసు.

1950లో డాక్టర్ స్మిత్ మరణించే నాటికి వారిద్దరి చేతుల మీదుగా దాదాపు 5,000 మంది చికిత్స పొందారు. 1952లో సభ పెద్దలు ఆమెను క్లీవ్‌లాండ్‌లోని సెయింట్ విన్సెంట్ ఛారిటీ ఆసుపత్రికి మార్చారు. అక్కడ జపమాల పేరిట రోజరీ హాల్ సొలేరియం అనే విభాగం తెరిపించారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు ఆర్, హెచ్, ఎస్. రాబర్ట్ హోల్‌బ్రుక్ స్మిత్ అనే ఆ డాక్టరు పేరులోవీ అవే. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రభుత్వం నుంచి ప్రశంస అందింది. 1966 ఏప్రిల్ 1న ఆమె ప్రభువులో నిద్రించారు.

ప్రియ పాఠకులారా, ఇలాంటి బృందాలు మన దేశంలోనూ అనేక పట్టణాల్లో సమావేశమవుతున్నాయి. చేరడానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు, ఉద్యోగం చెప్పనక్కరలేదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ బృందాలూ ఉన్నాయి. మీ ఊళ్ళో గాని, దగ్గరి పట్టణంలో గాని బృందం ఎక్కడుందో విచారణ గురువును, మఠం సిస్టర్లను, ఆసుపత్రివారిని అడగండి. మొదటిసారి వెళ్ళడానికి సిగ్గుపడేవారికి తోడుగా గుమ్మం దాకా వెళ్ళండి. అయితే ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కలగవచ్చు కనుక, ముందుగా డాక్టరుకు చూపించడం తప్పనిసరి.

పడిపోయినవాడికి బుద్ధి చెప్పేవారు చాలామంది ఉంటారు. పడి లేచినవాడి చేతిలో అతని చెయ్యి పెట్టేవారు కొందరే. ఆ కొందరిలో మనమూ చేరుదాం.