కీర్తిశేషురాలు శ్రీమతి పొణకా కనకమ్మగారు

నెల్లూరిపట్టణమునకు తూర్పుగా సముద్రమువఱకు వ్యాపించియున్నది సారవంతమైన మాగాణి. 19వ శతాబ్దియందు పెన్నానదికి నెల్లూరికడను సంగముకడను ఆనకట్టలు కట్టబడిన పిమ్మట ఈ సీమలో నీటికొఱత చాలవఱకు తీఱి, మొలగొలుకులు పండించు పెద్ద రైతుకుటుంబములు సంపన్నములయ్యెను. గాదెలు నిండెను, మిద్దెలు లేచెను. చదువు మాత్రము ఆ యిండ్ల మగవారికే, అదియును కొందఱికే, దక్కెను. స్త్రీలకు ఘోషాయే గౌరవమని పెద్దలు తలచుచుండిరి. ఆడుపిల్ల అక్షరములు నేర్చినచో కీడు మూడునను మూఢవిశ్వాసము నాడు దేశమంతటను ప్రబలియుండెను.

అట్టి కుటుంబములలో నొకటియైన మరుపూరువారి యింట, మినగల్లు గ్రామమున, 1892వ సంవత్సరము జూన్ నెల 10వ తేదీన శ్రీమతి కనకమ్మగారు జన్మించిరి. తండ్రి కొండారెడ్డిగారు, తల్లి కామమ్మగారు. ఎనిమిది తొమ్మిది యేండ్ల ప్రాయముననే పొట్లపూడి వాస్తవ్యులును మేనమామయు నగు పొణకా సుబ్బరామిరెడ్డిగారి కిచ్చి వివాహము గావించిరి. దానితో బడిచదువు మాట ముగిసెను. అత్తవారిది సిరిగల యిల్లు. నగలకును పరిజనమునకును కొదువలేదు. కావలసినదెల్ల నుండియు, బడికిపోవుట యొక్కటియే లేకుండెను.

అయినను వారు చదువు మానలేదు. ఇంటికి వచ్చిన పుస్తకములను, పత్రికలను ఆధారము చేసికొని తెలుగున గట్టి పాండిత్యము గడించిరి, సంస్కృతమును, కాలక్రమమున హిందీని అభ్యసించిరి, పద్యములు చెప్పిరి, హిందూసుందరి, అనసూయ, గృహలక్ష్మి మున్నగు పత్రికలకు వ్రాసిరి. ఈ స్వయంకృషిని ఇచ్చట నొత్తి చెప్పుటకు కారణము గలదు. బడిలో చదివినవారికి బడి యొక యలవాటు. బడి తలుపు ముఖముమీద మూయబడినవారికే దాని విలువ తెలియును. కనకమ్మగారు తరువాతి నలుబదియేండ్లును ఏ పనికై తమ భూమిని, ధాన్యమును, ఆరోగ్యమును ధారపోసిరో, ఆ పనికి బీజము ఈ బాల్యమునందే పడినదని మా తలంపు.

1905వ సంవత్సరమున బంగాళవిభజన జరిగిన పిదప వందేమాతరోద్యమము ఆంధ్రదేశమున గూడ వ్యాపించెను. గ్రామగ్రామమున యువకులు సమాజములు గట్టిరి, గ్రంథాలయములు నెలకొల్పిరి. 1914వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయప్రతినిధుల సభ జరుగునాటికి ఇట్టి సంస్థలు చాల వెలసియుండెను. పొట్లపూడియందును మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వమే కనకమ్మగారి ప్రోత్సాహమున సుజనరంజనీసమాజమును, వివేకానంద గ్రంథాలయమును ఏర్పడెను. నాడు వారి వయస్సు ఇంకను ఇరువదియేండ్ల యటునిటు. వెంట నిలిచినవారును ఇంటిలోని, ఊరిలోని యువజనులే.

ఆ కాలపు గ్రంథాలయసమాజముల పని నేటివా రెఱుగరు గావున రెండు మాటలు చెప్పెదము. పుస్తకములు బీరువాలో నుంచి తాళము వేయుట కాదు వాని పని. అక్షరములు వచ్చిన కుఱ్ఱవాడు సాయంకాలము కూర్చుండి పత్రికను బిగ్గరగా చదువును. అక్షరములు రానివారు చుట్టును జేరి విందురు. పగలు పొలమున పనిచేసి వచ్చినవారికి రాత్రి దీపమువద్ద అ ఆలు దిద్దింతురు. చెప్పువాడును ఒక విద్యార్థియే. సెలవులకు ఊరికి వచ్చిన కాలేజీపిల్లవాడో, పాఠశాల ముగించి ఇంటనున్నవాడో. జీతము లేదు. ఇట్టి సమాజమునకు నాయకత్వమనగా వేదికనెక్కి ఉపన్యసించుట గాదు. పాఠము చెప్పు పిల్లవానికి కూర్చుండ తావును, దీపమునకు చమురును, పలకలకు పైకమును సమకూర్చుట. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరి పెద్దల యాక్షేపణ వచ్చినపుడు ముందుకు వచ్చి ఆ పిల్లవానిని కాచుట. సంపన్నగృహస్థురాలైన యొక స్త్రీ వెనుక నున్నదను మాట అచ్చటి యువకులకు కొండంత యండ. నాడు పంచములని పిలువబడినవారి సేవయు వారి పనిలో జేరెను. కలిగిన యింటి కోడలు ఆ వాడల మేలు కోరుట ఆ దినములలో సామాన్యసాహసము గాదు.

మొదట వీరికి తిలకుగారి మార్గముమీద అభిమానము మెండు. గాంధీమహాత్ముని యుద్యమము వచ్చినతోడనే దాని ననుసరించిరి. 1920వ సంవత్సరాంతమున నాగపూరు కాంగ్రెసు సహాయనిరాకరణమును ధ్రువపఱచినది. విద్యార్థులు సర్కారు కళాశాలలు విడిచి వెలుపలికి వచ్చుచుండిరి. వచ్చినవారికి పని చూపు స్థానము కావలెను. దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగారును సాబర్మతి పోలికగా నొక యాశ్రమము స్థాపింప సంకల్పించిరి. పెన్న యొడ్డున పల్లిపాడు గ్రామమున అందులకు 13 యెకరముల భూమిని కనకమ్మగారు దానముచేసిరి. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి ఆప్తులైన రుస్తుంజీగారు భవనమునకు 10,000 రూపాయలు పంపిరి. 1921వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు స్వయముగా వచ్చి ఆ పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. స్థలమిచ్చిన దొక నెల్లూరి గృహిణి. కట్టడమునకు ధనము వచ్చినది సముద్రము దాటి నేటాలు దేశమునుండి. పని చేయువారు కళాశాలలు వీడిన యువకులు. ఈ మూడింటి కలయిక తలచుకొన్నపుడెల్ల మాకు విస్మయము గలుగును. హనుమంతరావుగారు కొలదికాలమునకే పరమపదించుట ఆ సంస్థకు తీరని లోటయ్యెను.

ఆశ్రమము వెలసినది. మఱి బాలికలకో? ఈ ప్రశ్నకు సమాధానముగా 1923వ సంవత్సరమున నెల్లూరియందు కనకమ్మగారు శ్రీ కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. గాంధీగారి ధర్మపత్ని అప్పటికి సజీవులు. వారి జీవితకాలముననే వారి పేర వెలసిన సంస్థ యిది.

ఆంధ్రదేశమున స్త్రీవిద్యకు త్రోవ ద్రొక్కినవారు వీరేశలింగము పంతులుగారు. వారు 1874వ సంవత్సరముననే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. 1922వ సంవత్సరమున గుంటూరియందు ఉన్నవ దంపతులు శారదానికేతనమును స్థాపించిరి. కస్తూరిదేవీ విద్యాలయము పుట్టిన కాలముననే కాకినాడలో దుర్గాబాయమ్మగారు, పదునాలుగేండ్లయినను సరిగా నిండని బాలిక, తాను నేర్చిన హిందీని ఇరుగుపొరుగు స్త్రీలకు నేర్పుచు ఒక పాఠశాలనే నడపుచుండిరి. చదువుకొనుచున్న పిల్లలే చదువు చెప్పుటకు పూనుకొన్న యుగమది. ఆ యుత్సాహము పిల్లలది. దానిని నిలిపియుంచు భారము పెద్దలది. ఉత్సాహము ఒక వేసవి సెలవులలో పుట్టి మఱుసటి వేసవికి ఆఱిపోవచ్చును. అద్దెయిల్లు, ఉపాధ్యాయినుల జీతములు, దూరపుటూళ్లనుండి వచ్చిన పిల్లలకు అన్నము, ఇవి ప్రతినెలయు ఒకటవతేదీన తప్పక తలుపు తట్టును.

ఈ చిక్కు కస్తూరిదేవీ విద్యాలయమునకు మఱింత కఠినమయ్యెను. జాతీయోద్యమమున బుట్టిన విద్యాసంస్థలు ప్రభుత్వద్రవ్యము నాశింపరాదు. రాట్నము, హిందీ, మాతృభాష ప్రధానముగా గల చదువు సర్కారు పరీక్షలకు దారితీయదు గనుక, ఉద్యోగము కోరు తల్లిదండ్రులు వెనుదీయుదురు. మిగిలినది దాతలే. 1929వ సంవత్సరమున గాంధీమహాత్ముడు ఆంధ్రదేశ సంచారమున నెల్లూరికి వచ్చినపుడు విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. శంకుస్థాపననాటి సభకు వచ్చు జనము నెలజీతముల చందాకు రారు. ఇది నెల్లూరివారిపై నింద గాదు, సర్వత్ర నున్నదే. భవనముమీద దాతపేరు చెక్కవచ్చును. ఉపాధ్యాయిని భుజించిన అన్నముమీద చెక్కుట కుదురదు గదా! ఆ చెక్కరాని వ్యయమును కనకమ్మగారు తమ నెత్తిన వేసికొనిరి. పొణకావారి ఆస్తి క్రమక్రమముగా ఈ కార్యములకే కరగిపోయెను. సుబ్బరామిరెడ్డిగారి మాటయు ఇచ్చట స్మరింపదగును. ఆ కాలపు గృహయజమానుడు అంగీకరింపనిచో ఇల్లాలు ఒక్క గింజయైనను ఈయజాలదు.

ఈమె మన కుటుంబములయందు జన్మించిరని సంచికలో చాటుకొనుట సులభము. కాని వారు స్థాపించిన విద్యాలయమును ఒక కులమునకు కట్టివేయలేదు. ధనము ఏ యింటినుండి వచ్చినను ఫలము ఊరిపిల్లలందఱిదియే యని వారి మతము. కులసంఘముల విద్యార్థివేతనములను, వసతిగృహములను పోషించు మహాశయులు ఈ యంశమును ఒక్కసారి మనస్సున దలపోయుదురుగాక.

1930వ సంవత్సరము వచ్చినది. ఉప్పుసత్యాగ్రహము నెల్లూరి తీరమునకును వచ్చినది. తరతరములుగా కన్నులయెదుట ఉప్పు తేలుచున్నను ముట్టరాదను చట్టము ఈ తీరవాసులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. కనకమ్మగారు ఉద్యమమున ముందు నిలిచి చెఱసాలకు పోయిరి. 1932లో మఱల పోయిరి. రెండుమాఱులును కలిపి వారి కారావాసము ఏడాదికి మించెను. ఘోషా కుటుంబమునుండి రాయవేలూరి కారాగారమువఱకు సాగిన ఆ పయనమును మాటలలో వర్ణింప నక్కఱలేదు. 1930లోనే నెల్లూరియందు జమీన్‌రైతు వారపత్రిక వెలువడుటకును వీరి చేయూత కారణమైనది. జమీందారీగ్రామముల రైతుల కష్టములు దానియందు ప్రకటితములగుచుండెను. పిమ్మట నెల్లూరు వెంకట్రామానాయుడుగారి సంపాదకత్వమున ఆ పత్రిక ప్రసిద్ధి కెక్కినది.

మఱి విద్యాలయము? నడపువారు చెఱయందుండ బడి యెట్లు నడచును! ఉద్యమపు టలజడిలో అది కుంటుపడి, తుదకు మూతపడెను. ఈ విషయమున నాడును నేడును రెండభిప్రాయములకు తావు గలదు. పదుగురు పిల్లల బాధ్యత వహించినవారు చెఱకు పోవక బడిని కాపాడవలసినదని కొందఱందురు. దేశమే బందీయైయుండ బడి యొక్కటి సుఖముగా నుండుట యెట్లని మఱికొందఱు. మాకు తోచున దేమనగా, తప్పు చెఱకు పోవుటలో లేదు. ఒక్కరి భుజములమీదనే సర్వభారమును మోపి, చుట్టునున్నవారు చూచుచుండుటలో గలదు. ఆమె లేనినాడు తాళపుచెవి అందుకొనుటకు నలుగురు సిద్ధముగా నుండినచో ఆ యేండ్ల బాలికలకు చదువు దూరమై యుండదు. పోయిన ఆ సంవత్సరములు ఆ బాలికలకు మఱల రాలేదు.

ఇంతలో గృహమునను పిడుగు పడెను. ఏకైకపుత్రిక వెంకటసుబ్బమ్మగారు యౌవనముననే మరణించిరి. విద్యావతియు, తల్లికి సహచరియు నగు ఆ కుమార్తెను గోల్పోయిన పిమ్మట కనకమ్మగారి మనస్సు అధ్యాత్మమువైపు తిరిగెను. అరుణాచలమున భగవాన్ రమణమహర్షుల సన్నిధిని వారు ఊఱట పొందిరి. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో గూడి జంటగా రచించిన ఆరాధన, నైవేద్యము అను కృతులు వారి భక్తిహృదయమునకు సాక్ష్యములు. తమ్ములు మరుపూరు కోదండరామరెడ్డిగారును ప్రసిద్ధసాహితీవేత్తలగుటచే సాహిత్యము ఆ యింట ఇద్దఱిని వరించెననవచ్చును.

దుఃఖము వారిని గుహలో కూర్చుండబెట్టలేదు. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పూనాయందలి ఆగాఖాన్ భవనమున, బందీగా నుండగనే, కస్తూరిబాయిగారు స్వర్గస్థులైరి. ఆ దశకముననే నెల్లూరియందు వారి పేరింటి విద్యాలయము మఱల తలుపులు తెఱచెను. ఈమాఱు కనకమ్మగారికి ఏబదియేండ్లు దాటినవి. ఆస్తి తఱిగినది. దేహము బలహీనపడినది. అయినను దాతల యిండ్లకు తిరిగి, చందాలు కూర్చి, పెద్దలను జతపఱచి, మూతబడిన బడిని ఎత్తి నిలిపిరి. క్రొత్తబడిని పెట్టుటకంటె మూతబడినదానిని తెఱచుట కష్టము. మొదటిసారి ఆశ చూచి ఇత్తురు. రెండవసారి పూర్వపు వైఫల్యము నెత్తిచూపుదురు. ఆ మాటలన్నియు ఓర్చుకొని వారు సాధించిరి. పల్లిపాటి దానముకంటెను, మహాత్ముడు వేసిన పునాదికంటెను, ఈ రెండవ యారంభమే వారి జీవితమున ఘనకార్యమని మే మెంచుదుము. సభలలో తక్కువగా చెప్పుకొనబడునదియు ఇదియే.

వారి సాహిత్యసేవకు గృహలక్ష్మీ స్వర్ణకంకణము లభించెను. మదరాసున డాక్టరు కె. ఎన్. కేసరిగారు విదుషీమణులకై స్థాపించిన సత్కారమది. పుట్టినింటను మెట్టినింటను బంగారమునకు కొదువలేక పెరిగి, దానిని సత్కార్యములకు విడిచిన స్త్రీకి ముదిమిలో చదువునకై లభించిన బంగారము ఈ కంకణము.

1963వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, తమ 72వ యేట, శ్రీమతి కనకమ్మగారు కీర్తిశేషులైరి. తమ జీవితచరిత్రమును వారు స్వయముగా వ్రాసి యుంచిరి. అది పెక్కేండ్లు వ్రాతప్రతిగానే యుండిపోయి, వారు గతించిన 48 సంవత్సరములకు, 2011వ సంవత్సరమున, డాక్టరు కె. పురుషోత్తముగారి కృషివలన కనకపుష్యరాగము అను పేర అచ్చయ్యెను.