మతిమరుపు జబ్బుకు పేరైన డాక్టరు



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఉంటున్న మన కుటుంబాల్లో చాలామంది నల్లగొండ, ఖమ్మం, గుంటూరు వైపుల నుంచి వచ్చి స్థిరపడినవారే. ఊళ్లో ఒంటరిగా మిగిలిన అమ్మనో, నాయననో వయసు మళ్లాక ఇక్కడికి తెచ్చుకుంటాం. కొన్నాళ్లకు ఆ పెద్దామె అన్నం తిన్న అరగంటకే తనకు ఇంకా అన్నం పెట్టలేదంటుంది. కూరగాయలకని వెళ్లి, ఇంటి సందు గుర్తు రాక చౌరస్తాలో నిలబడిపోతుంది. కోడలిని చూసి ఈవిడ ఎవరని అడుగుతుంది. ఇంట్లోవాళ్లు మొదట నవ్వుకుంటారు, తర్వాత విసుక్కుంటారు, చివరికి చాదస్తమని వదిలేస్తారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేవారూ లేకపోలేదు. ఇది చాదస్తం కాదు, గాలీ కాదు, మెదడుకు వచ్చే జబ్బు కావచ్చునని కళ్లకు కట్టి చూపిన డాక్టరు పేరు మీరు వినే ఉంటారు. జబ్బుకు ఆయన పేరే పెట్టారు గనుక పేరు అందరికీ తెలుసు. మనిషి సంగతే తెలియదు.

అలోయిస్ అల్జీమర్ 1864 జూన్ 14న జర్మనీలోని బవేరియాలో, మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో ఒక కతోలిక కుటుంబంలో పుట్టారు. తండ్రి ఎడ్వర్డ్ నోటరీ. బెర్లిన్, ట్యూబింగెన్, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాల్లో వైద్యం చదివారు. చదువుకునే రోజుల్లో మరీ బుద్ధిమంతుడేమీ కాదు. విద్యార్థుల కత్తిసాములో చెంప మీద గాటు పడితే, ఆ మచ్చ కనబడకుండా ఫొటోలకు ఒక పక్కకే తిరిగి కూర్చునేవారట. 1887లో పట్టా కోసం ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం దేనిమీదో తెలిస్తే మీరు నవ్వుతారు. చెవిలో గుబిలి తయారుచేసే గ్రంథుల మీద! అయితే మైక్రోస్కోపు మీద చెయ్యి తిరిగింది ఆ రోజుల్లోనే.

1888లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేరారు. ఊరిజనం దాన్ని పిచ్చివాళ్ల కోట అనేవారు. ఆ రోజుల్లో మానసిక రోగులను కట్టివేయడం, గదుల్లో బంధించడం మామూలు విషయం. ఈ ఆసుపత్రి అధిపతి ఎమిల్ సియోలీ ఆ పద్ధతి మాన్పించాలని పట్టుబట్టినవారు. కట్లు లేవు. ఆందోళనపడే రోగులను గోరువెచ్చని నీళ్ల తొట్టిలో చాలాసేపు కూర్చోబెట్టేవారు, వారితో మాట్లాడేవారు. మరుసటి ఏడాది ఫ్రాంజ్ నిసిల్ అనే మరో యువ డాక్టరు వచ్చి చేరారు. మెదడు కణాలు స్పష్టంగా కనిపించేలా రంగులద్దే పద్ధతి కనిపెట్టినవారాయన. పగలు రోగులు, రాత్రి మైక్రోస్కోపు. స్నేహితులిద్దరి జీవితమూ అలా సాగింది.

1894లో అల్జీమర్ సిసిలీ గైసెన్‌హైమర్ అనే యూదు వితంతువును పెళ్లి చేసుకున్నారు. ఆమె మొదటి భర్త వజ్రాల వర్తకుడు గనుక డబ్బుకు లోటు లేదు. ముగ్గురు పిల్లలు కలిగారు. 1901 మొదట్లో సిసిలీ చనిపోయింది. చిన్నపిల్లను ఇంకా ఎత్తుకు తిరిగే వయసు. అల్జీమర్ సోదరి ఎలిజబెత్ వచ్చి పిల్లల బాధ్యత తీసుకుంది. ఆయన పనిలో మునిగిపోయారు.

ఆ ఏడాదే నవంబరు 25న రైల్వే గుమాస్తా ఒకరు తన భార్యను ఆ ఆసుపత్రిలో చేర్పించారు. ఆమె పేరు ఆగస్టే డెటర్, వయసు 51. భర్త మీద లేనిపోని అనుమానాలు, వంట పాడుచేయడం, వస్తువులు దాచి మరిచిపోవడం. మరునాడు అల్జీమర్ ఆమె పక్కన కూర్చున్నారు. పేరు అడిగితే ఆగస్టే అంది. ఇంటిపేరు అడిగినా ఆగస్టే. భర్త పేరు అడిగినా అదే. భోజనవేళ కాలీఫ్లవరు, పందిమాంసం తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అంది. పేరు రాయమంటే శ్రీమతి అన్న మాట రాసి, మిగతాది మరిచిపోయింది. ఆయన ప్రశ్నా జవాబూ ఒక్కటి వదలకుండా రాసుకున్నారు. మళ్లీ మరో రోజు వచ్చి కూర్చున్నారు. ఇవ్వడానికి ఆయన దగ్గర మందేమీ లేదు. భార్య పోయి ఏడాది తిరగని మనిషి, జవాబు నిలవని ఒక రోగి ఎదుట గంటలకొద్దీ అలా కూర్చున్నారంటే, ఆయన తర్వాత మైక్రోస్కోపులో చూసిన దానికంటె ఇదే నాకు గొప్పగా తోస్తుంది.

1903లో ఎమిల్ క్రెప్లిన్ అనే పెద్ద డాక్టరు వెంట మ్యూనిక్ వెళ్లారు. మొదట్లో జీతం కూడా లేదు, సొంత డబ్బుతో బతికారు. అక్కడి ప్రయోగశాలలో ఒక్కొక్క విద్యార్థి బల్ల దగ్గర ఆగి మైక్రోస్కోపులో చూస్తూ, కాలుస్తున్న చుట్టను అక్కడే మరిచిపోయేవారని చెబుతారు. సాయంత్రానికి ఎందరు విద్యార్థులో అన్ని చుట్టముక్కలు! మరపు మీద పరిశోధన చేసిన మనిషికి ఈ మరపు ఉండడం విచిత్రమే.

ఊరు మారినా ఆగస్టేను మాత్రం మరవలేదు. ఆమె 1906 ఏప్రిల్ 8న చనిపోగానే ఆమె మెదడును మ్యూనిక్ తెప్పించుకున్నారు. వెండి లవణంతో రంగు పట్టించి చూస్తే రెండు విషయాలు కనిపించాయి. కణాల మధ్య గట్టి మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారప్పోగుల వంటి ముళ్లు. మచ్చలు అమైలాయిడ్ అనే ప్రొటీనువి, ముళ్లు టౌ అనే ప్రొటీనువి అని 1980లలో తేలింది. 1906 నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన డాక్టర్ల సభలో అల్జీమర్ ఈ సంగతి వివరించారు. సభలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో క్రెప్లిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. అప్పటికి ఇది నడివయసులో అరుదుగా వచ్చే జబ్బు అనుకున్నారు. ముసలితనం మరపు అని మనం కొట్టిపారేసేదానిలో అధికభాగం ఇదే జబ్బు అని వైద్యలోకం ఒప్పుకున్నది 1970ల తర్వాతే.

మచ్చలున్నంత మాత్రాన మతి పోతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో మన కన్యస్త్రీలు కూడా ఉన్నారు. 1986లో అమెరికాలో మొదలైన పరిశోధనలో నోటర్ డామ్ సభకు చెందిన 678 మంది వృద్ధ కన్యస్త్రీలు ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలకు కూర్చున్నారు, మరణానంతరం తమ మెదళ్లను ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కొందరి మెదడు నిండా మచ్చలున్నా చివరిదాకా చురుకుగానే ఉన్నారని తేలింది. వాడుతున్నకొద్దీ మెదడు కొత్త దారులు వేసుకుంటుంది, ఒక దారి మూసుకుపోతే మరో దారిలో పని గడుపుకుంటుంది. దీన్నే శాస్త్రజ్ఞులు మెదడు నిల్వశక్తి అంటున్నారు.

ఇందుకు మరో సాక్ష్యం మన నగరంలోనే దొరికింది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే పంజాగుట్టలో దిగి నిమ్స్ ఆసుపత్రికి వెళ్లవచ్చు. అక్కడ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. దిల్‌సుఖ్‌నగర్ బజారులో ఒక గిరాకీకి తెలుగులో ధర చెప్పి, పక్కనున్న గిరాకీతో ఉర్దూలో బేరమాడే పండ్లమ్మిని మీరెరుగుదురు. ఆమె మెదడు రోజంతా ఒక భాషను ఆపి, మరొక భాషను తెరుస్తూ ఉంటుంది. అదే ఆ మెదడుకు కసరత్తు. అలాగని రెండు భాషలొస్తే జబ్బు రాదని కాదు, ఆలస్యమవుతుందంతే.

పూర్తిగా నయంచేసే మందు ఈనాటికీ లేదు. ఇటీవలి కొత్త మందులు తొలిదశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తున్నాయి. అయితే ప్రతి మరపూ అల్జీమర్ జబ్బు కాదు. బి12 విటమిను లోపం, థైరాయిడ్, మనోవ్యాకులత వల్ల కూడా మతి తప్పుతుంది, వాటికి చికిత్స ఉంది. అందుకే చాదస్తమని తేల్చేముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. మనుమల పేర్లు మరిచిన పెద్దామె మంగళవార్త జపం తప్పు లేకుండా చెప్పడం మీరు చూసే ఉంటారు. ఏళ్ల తరబడి నోట నానినవి చివరిదాకా నిలుస్తాయి. జపమాల సమయంలో ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి.

1912లో అల్జీమర్‌కు బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. అక్కడికి వెళ్లే రైలు ప్రయాణంలోనే జబ్బుపడ్డారు, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరు 19న మరణించారు. ఆగస్టే ఆసుపత్రిలో చేరిననాటి ఆమె వయసే, 51 ఏళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సిసిలీ పక్కనే సమాధి చేశారు. ఆగస్టే గురించి ఆయన రాసిన ఫైలు ఎక్కడుందో ఎన్నో దశాబ్దాలు ఎవరికీ తెలియదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి పాత దస్తావేజుల్లో దొరికింది. ఆమె తన పేరు రాయబోయి మధ్యలో ఆగిపోయిన కాగితం కూడా అందులో ఉంది.