ప్రత్యక్ష పరిశీలకుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ

మనుష్యుల ముఖాలు ఒకరివి ఒకరిని పోలి లేనట్లే, చర్మం క్రింద దాగిన ఎముకలు, రక్తనాళాలు, అవయవాలు కూడా అందరిలోనూ ఒకే తీరున ఉండవు. నేటి వైద్య విద్యార్థికి ఇది తొలి పాఠాలలో ఒకటి. అయితే, గ్రంథంలో వ్రాసి ఉన్నదే శరీరంలో ఉంటుందని పండితులు విశ్వసించిన కాలంలో, గ్రంథాన్ని ప్రక్కన ఉంచి ఎముకను పరిశీలించి చూచినవారు అరుదు. అట్టివారిలో ఒకడైన అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచదలచాము.

ఆయన క్రీ.శ. 1162లో బగ్దాదు నగరంలో జన్మించాడు. బాల్యంలో అరబ్బీ వ్యాకరణం, హదీసు, ధర్మశాస్త్రం అభ్యసించి, పిదప తత్త్వశాస్త్రంలోను వైద్యంలోను ప్రవేశించాడు. జ్ఞానతృష్ణ ఆయనను ఒకచోట నిలువనీయలేదు. మోసుల్, డమాస్కస్ నగరాల మీదుగా సాగి, సుల్తాన్ సలాహుద్దీన్ మంత్రి అల్ ఖాజీ అల్ ఫాజిల్ ఆదరం పొంది, కైరో చేరాడు. అచ్చట సుప్రసిద్ధ యూదు వైద్యుడు మైమొనిడీస్‌ను కలుసుకొన్నాడు. 1193లో సలాహుద్దీన్ మరణించిన తరువాత, ఆయన కుమారుడు అల్ అజీజ్ పాలనలో బగ్దాదీ కైరోలోని అల్ అజ్‌హర్‌లో బోధకుడైనాడు. ఉదయం అజ్‌హర్‌లో బోధన, మధ్యాహ్నం వైద్య విద్యార్థులకు పాఠం, సాయంకాలం తిరిగి అజ్‌హర్, రాత్రి స్వాధ్యాయం. ఇదీ ఆయన దినచర్య.

ఇంతలో ఈజిప్టుపై ఘోర విపత్తు వచ్చిపడింది. 1200వ సంవత్సరంలో నైలునది పొంగవలసినంత పొంగలేదు. పొలాలకు నీరందక క్షామం ఏర్పడింది. క్షామం వెంట వ్యాధులు వచ్చాయి. 1202 వరకు సాగిన ఆ దారుణాన్ని బగ్దాదీ కళ్ళారా చూచి గ్రంథస్థం చేశాడు. చనిపోయిన వారిని పూడ్చే దిక్కులేక శవాలు ఆరుబయటనే మిగిలిపోయాయి.

ఆయన వద్ద శరీర నిర్మాణం చదువుకొంటున్న వారికి కేవలం మాటలతో విషయం బోధపడడం లేదు. కైరో సమీపాన అల్ మక్స్ అనే చోట ఒక గుట్టమీద అసంఖ్యాకంగా మానవ కళేబరాలు పడి ఉన్నాయని తెలిసి, గురుశిష్యులు అచ్చటికి వెళ్ళారు. ఇరువది వేలకు మించి ఉంటాయని ఆయన అంచనా. బ్రతికి ఉండగా పిడికెడు అన్నానికి నోచుకోని అభాగ్యులు మరణించిన పిమ్మట ఒక శాస్త్రానికి గురువులైనారు. ఈ మాట తలచినపుడు మాకు దుఃఖము, కృతజ్ఞత ఒక్కసారిగా కలుగుతాయి.

క్రింది దవడ రెండు ఎముకల కలయిక అని రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ వ్రాశాడు. వెయ్యేండ్లుగా అందరూ దానినే వల్లించారు. బగ్దాదీ, ఆయన సహచరులు రెండు వేలకు పైగా తలలు పరీక్షించారు. ఒక్కదానిలోనైనా అతుకు కనబడలేదు. అంతటితో ఆయన తృప్తిపడలేదు. కాలం గడిచేకొద్దీ దాగిన అతుకులు బయటపడి విడిపోతాయి గదా అని తలచి, బూసీరులోని ప్రాచీన శ్మశానాలలోని ఎముకలను కూడా చూచాడు. అక్కడా దవడ ఒకటే ఎముక. గేలెన్‌పై ఎంతో గౌరవం ఉన్నవాడైనా, కంటికి కనబడిన సాక్ష్యానికే ఆయన పెద్దపీట వేశాడు.

వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి విషయంలో మరొక విచిత్రం ఎదురయింది. అనుత్రికాస్థితో కలిపి అది ఆరు ఎముకలని గేలెన్ మతం. బగ్దాదీకి మొదట అది ఒకే ఎముకగా కనబడింది. మరొక కళేబరంలో గేలెన్ చెప్పినట్లే ఆరు కనబడ్డాయి. తక్కిన వాటిలోనూ అంతే. రెండింటిలో మాత్రం ఒకటే. అప్పుడాయన ఏ పక్షమూ వహించలేదు. చూచినదంతా చూచినట్లు వ్రాసి, దవడ విషయంలో ఉన్నంత నిశ్చయం తనకు ఇందులో లేదని స్పష్టం చేశాడు. మా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

ఆయన సందేహం ఎంత సమంజసమో నేటి శాస్త్రం చెబుతున్నది. శిశువు పుట్టినపుడు క్రింది దవడ రెండు భాగాలుగానే ఉండి, మొదటి ఏడాదిలో కలిసిపోతుంది. త్రికాస్థిలోని అయిదు పూసలు బాల్యంలో విడివిడిగా ఉండి, యౌవనారంభం మొదలు 25 ఏండ్లు దాటేవరకు క్రమంగా అతుక్కొంటాయి. అంతేకాదు, నడుము భాగంలో సాధారణంగా ఉండే అయిదు వెన్నుపూసలలో చివరిది కొందరిలో త్రికాస్థితో కలిసిపోతుంది; మరికొందరిలో త్రికాస్థి మొదటి పూస విడివడి ఆరవ నడుము పూసవలె ఉంటుంది. ఈ భేదం ఎరుగక పూసలు లెక్కించిన శస్త్రవైద్యుడు ఒక పూసకు చేయవలసిన చికిత్స వేరొక పూసకు చేసే ప్రమాదమున్నది. అందుకే శస్త్రచికిత్సకు ముందు ఎక్స్‌రే తీసి పూసలు సరిచూచుకొంటారు. మూత్రపిండానికి ఒకే ధమని అని చదువుకొన్నా, సుమారు నాల్గవ వంతు మందిలో ఒకటికి మించి ఉంటాయి. మూత్రపిండ మార్పిడిలో ఈ సంగతి ముందుగా తెలియకపోతే ప్రమాదం తప్పదు.

ఈజిప్టు విడిచిన పిదప బగ్దాదీ డమాస్కస్, అలెప్పో, అనతోలియా ప్రాంతాలలో సంచరించి, హజ్ యాత్రకు వెళ్తూ దారిలో స్వస్థలమైన బగ్దాదు చేరి, 1231లో అచ్చటనే కన్నుమూశాడు. దవడను గురించిన ఆయన పరిశీలన వైద్యగ్రంథంలో గాక ఈజిప్టు వర్ణనలో ఉండిపోవడం వలన వైద్యులు దానిని పట్టించుకోలేదు. 1543లో వెసేలియస్ ఇదే సత్యాన్ని ఐరోపాలో ప్రకటించాడు. బగ్దాదీ గ్రంథం 1800లో లాటిన్ అనువాదంతోను, 1810లో సిల్వెస్త్ర్ ద సాసీ ఫ్రెంచి అనువాదంలోను వెలువడిన తరువాతనే పాశ్చాత్యులు ఆయనను గుర్తించారు.

ప్రియ విద్యార్థులారా! గైడులోని సమాధానాన్ని కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కవచ్చును. కానీ రేపు మీలో ఒకరు శస్త్రవైద్యులై బల్లముందు నిలిచినపుడు, ఆ బల్లపై ఉండేది పుస్తకంలోని బొమ్మ కాదు, ఒక తల్లి కన్న బిడ్డ. ఆ బిడ్డ శరీరం పుస్తకాన్ని అనుసరించి నడుచుకోవలసిన పని లేదు. చూచినది చూచినట్లు చెప్పడం, నిశ్చయం లేనిచోట లేదని ఒప్పుకోవడం; ఈ రెండు గుణాలను బగ్దాదీ నుండి మనమందరమూ అలవరచుకొందుము గాక.