నైట్ డ్యూటీ చేసిన భీమవరం డాక్టరు

మనలో నైట్ డ్యూటీలు చేసినవాళ్లం చాలామందిమే ఉన్నాం. చదివిన చదువుకూ చేస్తున్న పనికీ పొంతన లేదని బాధపడేవాళ్లమూ ఉన్నాం. మనకంటే చాలా ముందు, 1922 అక్టోబరులో, ఓ తెలుగు డాక్టరు అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. చేతిలో వైద్యం పట్టా ఉంది. అయినా పగలు హార్వర్డ్‌లో చదువు, పొట్ట గడవడానికి రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువులో ఫస్టేం కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్ల ప్రొఫెసరుకు గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బు ఆయన్నీ పట్టుకుంది గానీ, బతికి బయటపడ్డారు. జబ్బులకు మందు కనిపెట్టాలనే పట్టుదల అక్కడే ముదిరింది. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేస్తే, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి ఓడెక్కారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా పాకింది. తర్వాత కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చూపే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని చేశారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు అదే మందుగా పనికొచ్చింది. మరి బ్లడ్ క్యాన్సర్‌తో దీనికేం సంబంధం అంటారా? కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. బ్లడ్ క్యాన్సర్‌లో చెడ్డ తెల్ల కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి కాబట్టి వాటికీ అది కావాలి. అందుకని సుబ్బారావుగారి బృందం చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా ఉండి, పని మాత్రం చేయని మందును తయారుచేసింది. దొంగ తాళంచెవి తాళంలో దూరి ఇరుక్కుపోతే అసలు చెవి పట్టనట్టే, క్యాన్సర్ కణం దాంతో మోసపోయి పెరగడం ఆపేస్తుంది. ఆ మందు పేరు అమినోప్టెరిన్.

బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. అప్పటిదాకా ఆ జబ్బు వస్తే వారాల్లో, నెలల్లో పిల్లలు పోవడమే. 1948 జూన్‌లో వచ్చిన ఫలితం చూసి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది కొద్దికాలమే నిలిచినా, క్యాన్సర్‌కు మందు ఉంటుందని మాత్రం తేలిపోయింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ వైద్యంలో ఉంది. కీళ్లవాతానికి డాక్టర్లు తక్కువ మోతాదులో రాసేదీ అదే. మన ఒంటి మీదే తిరగబడిన రక్షణ కణాలను అది శాంతపరుస్తుంది.

ఆ విజయాన్ని చూసుకునే ఆయుష్షు ఆయనకు లేకపోయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఓడెక్కిన నాటి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. శేషగిరమ్మగారు ఇక్కడే ఉండిపోయారు. ఎప్పుడొస్తావని అడిగే ఇంటివాళ్లకు జవాబు చెప్పలేని మనకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఆయన రాలేదు గానీ ఆయన మందు వచ్చింది. లెడర్లీలో ఆయన హయాంలోనే తయారైన బోదకాలు మాత్రలను మన పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పంచారు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలకు ఈ భీమవరం డాక్టరు పేరు చెప్పండి. రాత్రిపూట పాత్రలు కడిగిన సంగతీ చెప్పండి.