ఒట్టో లిలియెంతాల్

వేదాద్రి చెంత కృష్ణానదిపై పడవ నడుపువాడు బరువును ఒకప్రక్కకు చేరనీయడు. గాలిలో ఎగురు విమానమునకు ఈ జాగ్రత్త మరింత అవసరము. ఈ సత్యమును ప్రాణమొడ్డి పరీక్షించిన ధీరుడు ఒట్టో లిలియెంతాల్.

ఆయన 1848లో జర్మనీ దేశమందలి ఆంక్లాం పట్టణమున జన్మించెను. బాల్యమునందే తమ్ముడు గుస్తావ్‌తో కూడి కొంగల గమనమును పరిశీలించెను. ఇంజనీరైన పిదప, 1889లో పక్షుల ఎగురుటను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1891 మొదలు, సన్నని కొయ్యబద్దలకు నూలుగుడ్డ బిగించిన రెక్కలతో కొండలపైనుండి ఎగిరెను. ఇంజను లేని ఆ విమానము బరువు సుమారు 20 కిలోలు. దాని ముక్కు పైకి లేచినచో కాళ్లను ముందునకు, క్రిందికి వంగినచో వెనుకకు జరిపి గరిమనాభిని సరిదిద్దుకొనెడివాడు. ఇట్లు దాదాపు 2000 పర్యాయములు ఎగిరెను.

1896 ఆగస్టు 9న విమానము తూకము తప్పెను. దేహమును ఎంత కదల్చినను అది సరికాలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి, మరునాడు బెర్లిన్‌లో కన్నుమూసెను.

దేహమును జరుపుట మాత్రమే చాలదని గ్రహించిన రైట్ సోదరులు రెక్కలనే మెలిత్రిప్పు ఉపాయమును కనుగొని, 1903లో ఇంజను గల విమానమున ఎగిరిరి. నేడు చిన్న విమానమును నడుపువారు బయలుదేరుటకు ముందే లెక్కకట్టుదురు. ప్రతి బరువును ఒక నిర్ణీతస్థానమునుండి దానికి గల దూరముచే గుణించి, ఆ లబ్ధముల మొత్తమును మొత్తము బరువుచే భాగించినచో గరిమనాభి ఎచ్చటనున్నదో తెలియును. అది హద్దులలో ఉన్నప్పుడే విమానము నేలను విడుచును.